తిరుపతిలో గ్రాఫిటీ వేసుకుంటూ బతకొచ్చా? గోడల మీద బొమ్మలు వేసేవాడి సమాధానం

అడిగిన తమ్ముడు తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడట. ప్రశ్న క్లుప్తంగా ఇది: "గ్రాఫిటీ అంటే పిచ్చి. మన ఊళ్ళో దీంతో బతకొచ్చా? రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా వేస్తేనే అసలు గ్రాఫిటీ అని, పర్మిషన్ తీసుకొని కాలనీ గోడలకి వేసేది ఉత్త పెయింటింగ్ పని అని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? కాలనీ వాళ్ళని ఒప్పించేది ఎట్లా?"

నాకంటే చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోవద్దు.

సూటిగా చెప్తే: బతకొచ్చు, కానీ గ్రాఫిటీ ఒక్కదాంతోనే, అంటే గోడల మీద స్ప్రేతో నచ్చిన అక్షరాలూ బొమ్మలూ వేసుకుంటూనే, కుదరదు. నా సంపాదనలో ముప్పాతిక వంతు స్కూలు గోడలు, హోటళ్ళు, షాపు బోర్డుల నుంచే వస్తుంది. నాకు నచ్చినట్టు వేసుకునే గోడలు ఏడాదికి నాలుగో ఐదో. ఇక కాలనీ సంగతి. గోడ ఓనరు ఒప్పుకుంటే సగం పనే అయినట్టు. ఆ గోడకి ఎదురింట్లో ఉండేవాళ్ళు ఒప్పుకోవాలి. ఓనరు గోడకి లోపలివైపు ఉంటాడు, ఆయనకి బొమ్మ కనపడదు. తలుపు తీస్తే అది కనపడేది ఎదురింటామెకి. ముగ్గు వేసేటప్పుడు, బిందె పట్టేటప్పుడు, కరెంటు పోయి అరుగు మీద కూర్చున్నప్పుడు ఆమె ముందున్నది నీ బొమ్మే.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కొర్లగుంటలో ఒక గోడ పోగొట్టుకొని నేర్చుకున్నాను. ఓనరు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. నేను ఉత్సాహంగా ఇరవై అడుగుల గోడ నిండా రెండు పెద్ద కళ్ళు వేశాను, రెప్ప వేయని కళ్ళు. ఫోటోలో అదిరిపోయింది. ఐదోరోజు పోయి చూస్తే గోడంతా సున్నం. ఎదురింటి పెద్దామె కొడుకు చేత కొట్టించిందంట. కోపంగా అడగబోయాను. ఆమె నన్నే అడిగింది: "నీ ఇంటి గడపకి ఎదురుగా రేయింబగళ్ళు ఎవరో గుడ్లురిమి చూస్తా ఉంటే నువ్వు నిద్రపోతావా నాయనా?" నా దగ్గర జవాబు లేదు. దిష్టి అనుకో, ఇంకేమన్నా అనుకో, ఆమె మాటలో న్యాయం ఉంది.

అసలు గ్రాఫిటీ ఏది అన్న గొడవ

మీ ఫ్రెండ్స్ చెప్పేది అమెరికా లెక్క. 1960ల చివర్లో ఫిలడెల్ఫియాలో, తర్వాత న్యూయార్క్‌లో పిలకాయలు తమ పేర్లు గోడల మీద, రైళ్ళ మీద రాయడంతో ఇది మొదలైంది. టాకీ 183 అనే పేరుతో రాసిన కుర్రాడి గురించి 1971లో న్యూయార్క్ టైమ్స్ వార్త వేశాక అది ఊరంతా పాకింది. అక్కడ గోడ మీద పేరు రాయడమే ధిక్కారం, ఎందుకంటే మామూలుగా ఎవరూ రాయరు. మన తిరుపతిలో గోడ మీద రాయనిది ఎవరు? కోచింగ్ సెంటర్లు రాస్తాయి, మొలల డాక్టరు రాస్తాడు, సినిమా పోస్టరు అతికిస్తారు. ఎలక్షన్లు ఇంకో ఏడాది ఉండగానే పార్టీల వాళ్ళు పేరు రాసి గోడ రిజర్వ్ చేసుకుంటారు. ఆ రద్దీలో నువ్వు అర్ధరాత్రి పోయి స్ప్రేతో నీ పేరు రాస్తే పొద్దున్నే దానిమీద పీజీ హాస్టల్ పోస్టరు పడుతుంది.

నేనూ ఒక ఏడాది అట్లా తిరిగాను, దాచడమెందుకు. నా గుర్తు బల్లి. మన శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉంది కదా, రాతి సందుల్లో ఉంటుంది, రాత్రిళ్ళే బయటికి వస్తుంది. నాకు బాగా కుదిరిందనుకున్నాను. ఒకరోజు రెండు గంటలప్పుడు బీట్ కానిస్టేబుల్ పట్టుకొని అడిగిన మొదటి ప్రశ్న: "ఏ పార్టీ?" పార్టీ కాదు సార్, బల్లి అన్నాను. ఆయన టార్చి వేసి చాలాసేపు చూసి, "తోక బాగా రాలేదు" అన్నాడు. తెల్లారేదాకా స్టేషన్లో కూర్చోబెట్టి, పొద్దున్నే రెండు బ్యారికేడ్ల మీద అక్షరాలు రాయించుకొని పంపించారు. నా గ్రాఫిటీ జీవితంలో మొదటి ఆర్డరు పని అదే అనుకోవాలి.

ఇప్పటికీ ప్రతి బొమ్మ మూలలో ఆ బల్లి ఉంటుంది. తోక సరిచేశాను.

అక్షరం నేర్చుకో, అదీ తెలుగు అక్షరం

గ్రాఫిటీ అంటే పుట్టుకతో అక్షరాల కళ. బొమ్మలు తర్వాత చేరాయి. నేను 2006లో ఇంటర్ తప్పి ఒక బోర్డుల ఆర్టిస్టు దగ్గర చేరాను. సుద్ద పూసిన దారం ఇద్దరం పట్టుకొని లాగి కొడితే గోడ మీద తిన్నగా గీత పడుతుంది. ఆ గీతల మధ్య ఆరు నెలలు 'క' ఒక్కటే రాయించాడు. ఫ్లెక్స్ వచ్చి ఆ పని మొత్తాన్ని ఊడ్చేసింది. గురువుగారు చివరికి బండ్ల నంబరు ప్లేట్లు రాసుకుంటూ గడిపాడు. ఆయన నేర్పిన ఒక్క సంగతితో నేను ఇప్పటికీ తింటున్నాను: ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు, వరసగా ఇటుకలు పేర్చినట్టు పెట్టొచ్చు. తెలుగులో పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు. 'స్త్రీ' రాస్తే అక్షరం మూడంతస్తులు. ఇంగ్లీషు వైల్డ్‌స్టైల్ (అక్షరాల్ని ఒకదాంట్లో ఒకటి మెలేసి రాసే పద్ధతి) చూసి దాన్నే తెలుగులో కాపీ కొడితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని గుద్దుకుంటాయి. అందుకే వరసల మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి, లేదా ఆ గుద్దుకోవడాన్నే డిజైన్ చేసుకోవాలి. నేను రెండోది చేస్తాను. తలకట్టుని బాణంలా సాగదీస్తే ఎంత అందంగా పోతుందో ఒకసారి గీసి చూడు.

మన గుండ్రటి అక్షరానికి స్ప్రే కూడా బాగా నప్పుతుంది. మోచెయ్యి కాదు, భుజం తిరగాలి. మొదటి నెల నొప్పి పుడుతుంది.

నీళ్ళ గీత కథ

కాలనీతో పనిచేయడం అంటే ఏమిటో చెప్పడానికి నా దగ్గర దీన్ని మించిన ఉదాహరణ లేదు.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. తిరుపతి అప్పటికి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. ఊళ్ళో రోడ్లు వాగులయ్యాయి, అటు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళని ఖాళీ చేయించారు. మూడు నెలల తర్వాత, 2022 ఫిబ్రవరిలో, ఒక లోతట్టు కాలనీ కుర్రాళ్ళు చందా వేసుకొని నన్ను పిలిచారు. నలభై అడుగుల కాంపౌండు గోడ, ఇద్దరు ఓనర్లది, సగం సగం. నేను నెమలి స్కెచ్ పట్టుకొని పోయాను. ఎదురుగా టిఫిన్ అంగడి ఆయమ్మ చూసి, "నెమలి బాగుందన్నా, కానీ మాకెందుకు? ఆ పొద్దు నీళ్ళు యాడిదాకా వచ్చినాయో గీ, చాలు" అంది.

ఇక గొడవ మొదలైంది. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? ఒకాయన ఫ్రిజ్ సగందాకా అన్నాడు. ఒకామె గ్యాస్ సిలిండర్ తేలింది కాబట్టి ఇంకా పైనే అంది. ఇంకొకాయన తన పల్సర్ సీటు మునగలేదని ఒట్టు పెట్టాడు, ఆయన ఇల్లు వాలుకి పైన ఉందని ఎవరో అన్నారు. రెండురోజులు బ్రష్ ముట్టుకోలేదు నేను. చివరికి ఒక ముసలాయన ఇంట్లో బీరువా పక్కకి జరిపితే దాని వెనక గోడ మీద బురద మరక గీతలా ఉంది. ఆ ఎత్తుని ట్యూబు లెవెల్‌తో బయటి గోడ మీదికి తీసుకొచ్చాం. మేస్త్రీలు వాడేదే, పారదర్శకమైన పైపులో నీళ్ళు పోసి రెండు కొసలూ పట్టుకునేది. నీళ్ళ గీతని నీళ్ళతోనే కొలిచామని పిలకాయలు నవ్వారు.

గీతకి కింద చేపలు, తేలుతున్న ఇడ్లీ పాత్రలు, ఒక చెప్పు, స్కూలు బ్యాగు. పైన మిద్దె మీద జనం. మొహాలు నా ఇష్టానికి నేను వేయలేదు, ఎవరి మనిషిని వాళ్ళు చెప్పి వేయించుకున్నారు. టిఫిన్ అంగడి ఆయమ్మ తన మనిషికి ముక్కుపుడక పెట్టించుకుంది.

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ఉంటుంది. కానీ ఏడాది తిరిగేసరికి ఓనర్లలో ఒకాయన ఫోన్ చేశాడు. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళందరూ ముందు గీత చూస్తున్నారు, వెనక్కి పోతున్నారు, అద్దెకి ఎవరూ దిగట్లేదు అన్నాడు. కాలనీ వాళ్ళు చెరపడానికి వీల్లేదన్నారు. గోడ ఆయనది. నేను పోయి నా చేత్తోనే ఆయన సగానికి తెల్లరంగు కొట్టాను. ఎవరు రైటో నాకు ఈరోజుకీ తెలియదు. అద్దెకి వచ్చేవాడికి ఆ గీత తెలియాల్సిందే అని ఒక మనసు, ఆ అద్దె మీదే బతికే మనిషి పొట్ట కొట్టాను కదా అని ఒక మనసు. ఇప్పుడు గీత ఇరవై అడుగుల దగ్గర ఠక్కున ఆగిపోతుంది. కొత్తవాళ్ళు అదేదో డిజైన్ అనుకుంటారు.

కాబట్టి ఎదురిల్లు ఒప్పుకోవాలి అన్నాను కానీ, ఎదురిల్లు ఒప్పుకుంటే అంతా అయిపోయినట్టేమీ కాదు.

తప్పు పట్టించుకోవడం

గంగమ్మ జాతర వేషాలతో ఒక గోడ వేశాను, తాతయ్యగుంట గుడికి కాస్త దూరంలో. తిరుపతివాడివైతే నీకు చెప్పక్కర్లేదు: ఆడవాళ్ళని వేధించిన పాలెగాడిని చంపడానికి వెతుకుతూ అమ్మవారు రోజుకో వేషం వేసిందని, ఆ వరసలోనే జనం బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కడతారు. నేను తొందరలో బండ వేషానికి ఒళ్ళంతా నలుపు పూశాను. ఎదురింటి తాత కర్ర పట్టుకొని రోడ్డు దాటి వచ్చాడు. "బండకి కుంకం రా, బొగ్గు తోటికి! నామం మట్టి బైరాగికి, గంధం దొరకి. పాతికేళ్ళు కట్టినాను నేను." ఆయన కుర్చీ వేసుకొని పక్కన కూర్చున్నాడు, నేను మళ్ళీ వేశాను. ఆ మూడురోజులూ ఆయన చెప్పిన కబుర్లు నేను ఎక్కడా చదవలేదు.

బొమ్మ చెరిగిపోతుందని బాధపడేవాళ్ళకి కూడా జాతరనే చూపిస్తాను. చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం తయారుచేస్తారు. తెల్లవారుజామున దాన్ని తొలగించగానే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. నా గోడల్లో ఐదేళ్ళు దాటి ఉన్నవి పదిలోపే.

దేవుడి బొమ్మ అడుగుతారు. నేను వేయను.

నూటికి తొంభైమంది అడిగేది ఇదే: "ఈ మూలలో ఉచ్చ పోస్తున్నారు సామీ, ఎంకన్న బొమ్మ వేసెయ్." నాకు భక్తి లేక కాదు. దేవుడి బొమ్మ పడ్డాక ఆ గోడని ఎవరూ ముట్టుకోలేరు. పెచ్చులూడినా, చెమ్మ ఎక్కి మొహం నల్లబడినా దానిమీద రంగు కొట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. పైగా పక్కవీధి వాళ్ళు ఇంకో దేవుడిని అడుగుతారు, అక్కడినుంచి గోడ మన చేతిలో ఉండదు. ఒక సందులో మొక్కలూ పక్షులూ వేసి చూశాను. ఉచ్చ పోసేవాళ్ళు పక్షుల మీదే పోశారు. తర్వాత కుర్రాళ్ళు కరెంటు స్తంభానికి ఎల్ఈడీ లైటు పెట్టించారు, ఆగిపోయింది. బొమ్మ చేయలేని పని లైటు చేసింది, ఒప్పుకోవాలి.

చట్టం, పర్మిషన్

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బహిరంగ ప్రదేశాలను రాతలతో, పోస్టర్లతో పాడుచేయడాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. ప్రభుత్వ ఆస్తి అయితే 1984 నాటి కేంద్ర చట్టం కూడా వర్తించొచ్చు. ప్రైవేటు గోడకి ఓనరు సంతకంతో కాగితం, ఎన్ని అడుగులు, ఏ బొమ్మ, ఏ తేదీ. స్కెచ్ ప్రింటు తీసి దానిమీదే సంతకం పెట్టించుకో. కార్పొరేషన్ గోడకి అర్జీ పెట్టాలి, నెలలు పట్టొచ్చు. దేవస్థానం గోడల జోలికి, అలిపిరి వైపు కొండ రాళ్ళ జోలికి అసలే పోవద్దు. చంద్రగిరి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అట్లాంటి కట్టడం మీద గీస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అయినా అక్కడ రాళ్ళ మీద లవ్ సింబల్స్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని గ్రాఫిటీ అనొద్దు దయచేసి.

ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడు పని పెట్టుకోవద్దు. పార్టీ రాతలతో పాటు నీ పువ్వులకి కూడా సున్నం పడే ప్రమాదం ఉంది. నాకు రెండుసార్లు పడింది.

రంగులు, ఎండ

- స్ప్రే డబ్బాలతో గోడంతా నింపాలనుకోకు, అప్పులపాలవుతావు. అడుగు రంగు బయటి గోడల ఎమల్షన్‌తో రోలరు కొట్టి, అంచులకీ నీడలకీ మాత్రమే స్ప్రే. తెల్ల ఎమల్షన్ డబ్బా, స్టెయినర్ ట్యూబులు ఉంటే చాలా రంగులు కలుపుకోవచ్చు.
- కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నెల ఆగాలి. ఉప్పు పొంగే గోడ మీద ఎంత మంచి రంగు వేసినా పొట్టులా లేస్తుంది.
- మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు లోపలి గోడల పని చూసుకో.
- మే నెలలో ఐదున్నరకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ఆపు. కాలిన గోడ మీద రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. స్ప్రే డబ్బాలు ఎండలో, బండి డిక్కీలో పెట్టొద్దు, పేలతాయి.
- గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు స్ప్రే ఆవిరిని ఆపవు. కార్బన్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు కొను. మొదటి నాలుగేళ్ళు కర్చీఫు కట్టుకొని వేశాను, దగ్గు ఇప్పటికీ ఉంది.

పడమటి గోడ మీద మెరిసే ఎరుపులు, గులాబీ రంగులు రెండు ఎండాకాలాలకే పాలిపోతాయి. గుడి ప్రహరీ గోడల మీద సున్నం, కావి పట్టీలు చూడు, కావి ఎండకి పాలిపోదు. అందులో ఉన్నది ఇనుప ఆక్సైడు, అందుకే. ఎరుపు కావాల్సినచోట నేను రెడ్ ఆక్సైడు వైపే మొగ్గుతాను. కొంచెం మొద్దుగా ఉన్నా మన ఊరి రంగులా కూడా ఉంటుంది. అవుట్‌లైన్‌కి చింతబొగ్గు వాడతాను, శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళ దగ్గర చూసి నేర్చుకున్నది. తప్పు పోతే గుడ్డతో తుడిస్తే పోతుంది.

పిలకాయల్ని ఏం చేయాలి

వస్తారు, వద్దన్నా వస్తారు. తరిమితే రాత్రికి వచ్చి రాళ్ళతో గీకుతారు. పెద్ద బొమ్మ కొలత కోసం నేను ముందు గోడ నిండా పిచ్చిగీతలు గీయిస్తాను. దాన్ని ఫోటో తీసి, ఫోన్లో స్కెచ్‌ని ఆ గీతల మీద పెట్టుకుంటే ఏ గీత దగ్గర ముక్కు రావాలో, ఎక్కడ చెయ్యి రావాలో తెలుస్తుంది. ఆ పిచ్చిగీతలు గీసే పని పిలకాయలదే. సున్నా, పేరు, క్రికెట్ బ్యాటు, ఏదైనా సరే. తర్వాత వాటిమీద రంగు పడిపోతుంది, కానీ ఏనుగు చెవి కింద తన పేరు ఉందని ప్రతి ఒక్కడికీ తెలుసు. ఆ గోడని ఎవడైనా గీకబోతే వాళ్ళే కొడతారు.

డబ్బు మాట

నేను ఎమల్షన్ పనికి చదరపు అడుగుకి డెబ్భై నుంచి నూట ఇరవై దాకా తీసుకుంటాను, రంగులు నావే. కాలనీ వాళ్ళయితే రంగులు వాళ్ళు కొనిస్తారు, నా కూలి సగం. ఉచితంగా మాత్రం చేయొద్దు. ఉచితంగా వేసిన గోడకి వారంలో పోస్టరు పడుతుంది. వీధిలో ప్రతి ఇంటి నుంచి యాభై రూపాయలు తీసుకున్న గోడకి పడదు, కావలి ఉంటారు. సబ్ కాంట్రాక్టు పనులకి సగం అడ్వాన్సు లేకుండా నిచ్చెన ఎక్కొద్దు. ఒక కాంట్రాక్టరు దగ్గర నాకు రావాల్సిన డబ్బుకి పద్నాలుగు నెలలు తిరిగాను. అందులో కొంత ఇంకా రాలేదు, ఇక రాదు కూడా.

డిగ్రీ మానొద్దు. వీలైతే ఒకసారి చెన్నై పోయి కణ్ణగి నగర్ చూసిరా. పునరావాస కాలనీ అది, 2020లో అక్కడి బ్లాకుల గోడలకి పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. బొమ్మలు ఎట్లాగూ చూస్తావు. నువ్వు ఎదురు బ్లాకులో ఉండేవాళ్ళతో మాట్లాడు, ఆ బొమ్మ ఎట్లా ఉందని కాదు, వేసేటప్పుడు వాళ్ళని ఎవరైనా అడిగారా అని.

జాతరకి ముందు జీవకోన వైపు ఒక స్కూలు గోడ ఒప్పుకున్నాను. కొండల్లోని దేవాంగ పిల్లి కావాలన్నారు, పెద్ద కళ్ళ జంతువు. ఎదురింటి వాళ్ళని ముందే కలిసొచ్చాను. కళ్ళు పక్కకి తిరిగి ఉంటే అభ్యంతరం లేదన్నారు. బకెట్లు మోయడానికి, రోలరు కొట్టడానికి ఒక మనిషి కావాలి, రోజుకి ఐదువందలు. పొద్దున ఐదున్నరకి రాగలిగితే ఇక్కడే మెసేజ్ పెట్టు.